"రేపు పసుపు": ఒక వీధికి కొత్త తారు వేసేటప్పుడు నివాసులను సిద్ధం చేసిన తీరు

గోదావరి పశ్చిమ డెల్టాలోని ఒక పురపాలక పట్టణంలో, ఒక నివాస వీధిలోని పాత తారు పొరను చెక్కి తీసి కొత్త పొర వేయడానికి ఆ వీధిని ముక్కలు ముక్కలుగా మూసివేయవలసి వచ్చింది. ఆ మూసివేతకు అక్కడి కుటుంబాలను ఎలా సిద్ధం చేశామో, ఎక్కడ సరిగా చేయలేకపోయామో ఈ కేస్ స్టడీలో రాస్తున్నాను. ఆ పనికి నేను అసిస్టెంట్ ఇంజనీరుని. ఊరి పేరూ, వీధి పేరూ, మనుషుల పేర్లూ ఇక్కడ అవసరం లేదు కాబట్టి వదిలేశాను.

వీధి పొడవు 640 మీటర్లు, తారు వెడల్పు 5.5 మీటర్లు. రెండు పక్కలా కాలువలు, కాలువల మీదుగా ఇళ్లలోకి ర్యాంపులు. రెండు చిన్న అపార్టుమెంట్లతో కలిపి 130 దాకా కుటుంబాలు, ఒక కిరాణా కొట్టు, ఒక చిన్న క్లినిక్, ఒక అంగన్‌వాడీ కేంద్రం, ఒక ఇస్త్రీ బండి, పొద్దుటిపూట ఒక టిఫిన్ బండి ఉన్నాయి. వీధిలోకి తెరుచుకునే రెండు సందులు చివర మూసుకుపోయినవి. వాటిలో ఉన్నవాళ్లకు బయటికి రావడానికి ఈ వీధి తప్ప మరో దారి లేదు. పని 40 మిల్లీమీటర్ల మిల్లింగ్ (పాత పొరను యంత్రంతో చెక్కడం), దాని మీద టాక్ కోట్ (కొత్త పొర అతుక్కోవడానికి చల్లే పలుచని తారు పూత), ఆపైన 40 మిల్లీమీటర్ల బిటుమినస్ కాంక్రీటు (తారూ కంకరా కలిపిన పొర). సంక్రాంతి అయిపోయాక, మార్చి పరీక్షలకు ముందుగా, ఫిబ్రవరిలో పెట్టుకున్నాం. ఫిబ్రవరిలోనైనా మొదటి రెండు మూడు రోజులు వదిలేశాం, ఎందుకంటే ఒకటో తేదీన వార్డు సచివాలయం సిబ్బంది మొత్తం పింఛన్ల పంపిణీలో ఉంటారు, మాకు వాళ్ల సాయం కావాలి.

ముందటి ఏడాది ఇదే ఊళ్లో మరో వీధి చేసినప్పుడు మేము చేసిన తప్పు చెప్పకపోతే తరువాతి నిర్ణయాలు అర్థం కావు. అప్పుడు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు రోడ్డు మూసివేత అని నోటీసు అచ్చువేసి గోడలకు అంటించాం, మైకు ఆటో తిప్పాం. రెండో రోజున తారు మిశ్రమాన్ని వేడిగా తయారుచేసే హాట్ మిక్స్ ప్లాంటు మరమ్మతుకు వచ్చి రెండు రోజులు ఆగిపోయింది. ఆ సంగతి మాకు తెలుసు, కాంట్రాక్టరుకు తెలుసు, వీధివాళ్లకు మాత్రం ఎవరూ చెప్పలేదు. కార్లు ఎక్కడో దూరంగా పెట్టుకుని రెండు రాత్రులు ఎదురుచూసినవాళ్లు మూడో రాత్రి వాటిని ఇంటికి తెచ్చుకున్నారు. నాలుగో రోజు పొద్దున ఆ మిశ్రమాన్ని పరిచే యంత్రం, పేవర్, వచ్చేసరికి దాని ముందు తొమ్మిది కార్లున్నాయి. వాళ్లని తిట్టుకుంటూ గేట్లు కొట్టి లేపిన మాట నిజమే గానీ, ఆ రోజు నోటీసుకు విలువ లేకుండా చేసింది మేమే.

చట్టం ఈ విషయంలో చెప్పేది తక్కువే అయినా సూటిగా చెబుతుంది. 1988 మోటారు వాహనాల చట్టంలోని 115వ సెక్షన్ ప్రకారం వాహనాల రాకపోకలపై పెట్టే ఆంక్ష నెల రోజులకు మించకపోతే గెజిట్ ప్రకటన అక్కర లేదు, అయితే పరిస్థితులు అనుమతించినంత మేర స్థానికంగా ప్రచారం చేయాలి. ఆ 'స్థానిక ప్రచారం' అన్న మాటను మా శాఖల్లో ఒక గోడ నోటీసూ ఒక మైకు ఆటోగా కుదించుకున్నాం. ఇక రోడ్ల పనులకు ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి ఎస్‌పీ 55 మార్గదర్శకాలు పని జరిగే చోటును ముందస్తు హెచ్చరిక, మళ్లింపు, పని, ముగింపు అని నాలుగు భాగాలు చేసి, ఒక్కోచోట ఏ బోర్డు పెట్టాలో, బారికేడ్లు ఎలా నిలపాలో వివరంగా చెబుతాయి. అవి చాలా మంచి మార్గదర్శకాలే, కాని వాటిలో ఊహించుకున్న మనిషి దారిన పోయే వాహనదారుడు. వీధివాసి ముందస్తు హెచ్చరిక ప్రాంతం దాటి రాడు. పొద్దున నిద్ర లేచేసరికే పని ప్రాంతం నడిమధ్యన ఉంటాడు. అతనికి బోర్డు పనికిరాదు, ముందటి రాత్రే కబురు అందాలి.

గడప గడపకూ తిరిగినప్పుడు

పనికి ఐదు వారాల ముందు ఇంటింటికీ వెళ్లాం. నాతో వార్డు సచివాలయం ఎమినిటీస్ కార్యదర్శి, ఆ వీధి పొదుపు సంఘాలను చూసే మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) రిసోర్స్ పర్సన్, అంటే ఆర్పీ, వచ్చారు. ఆర్పీ లేకపోతే ఈ పని సగం కూడా అయ్యేది కాదు, ఎవరింట్లో ఎవరున్నారో, ఏ తాళం వేసిన ఇంటి తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో ఆవిడకు తెలిసినట్టు మా రికార్డులకు తెలియదు.

మొదటి పది ఇళ్లలో "రోడ్డు మూస్తే మీకేమైనా ఇబ్బందా అండీ?" అని అడిగాం. అందరూ "అబ్బే, ఏం లేదండీ, రోడ్డు పడితే చాలు" అన్నారు. ఆ జవాబుతో ఏమీ తేలదని పదో ఇంటి దగ్గర అర్థమై ప్రశ్న మార్చాం: "పొద్దున నాలుగింటి నుంచి రాత్రి పదింటి దాకా మీ గేటు దాటి లోపలికి వచ్చేవీ బయటికి వెళ్లేవీ చెప్పండి." అప్పుడు పాల ప్యాకెట్ల అబ్బాయి, చెత్త బండి, స్కూలు వ్యాను, నీళ్ల క్యాన్ల ఆటో, గ్యాస్ బండి ఒకటొకటిగా బయటికొచ్చాయి. వాటి వెనకాల అసలైనవి వచ్చాయి. ఒక ఇంట్లో ఒకాయన సోమ, బుధ, శుక్రవారాల్లో తెల్లవారుజామున ఐదింటికి డయాలసిస్‌కు వెళ్లి పదకొండింటికి తిరిగొస్తారు, వచ్చాక నాలుగడుగులు వేసే ఓపిక కూడా ఉండదు. మరో ఇంట్లో నెలలు నిండిన అమ్మాయి పుట్టింటికి వచ్చి ఉంది. ఒక సందు చివర ఇంట్లో రెండు గేదెలున్నాయి, అవి రోజూ ఈ వీధి దాటి మేతకు పోవాలి. వేడి తారు మీద మనుషులు నడవరని రోలర్ డ్రైవరుకు తెలుసు, గేదెల సంగతి మా అందరిలో ఎవరికీ తట్టలేదు.

ఒకరింట్లో పెళ్లి ఉంది. పందిరి రాటకు ముహూర్తం పెట్టుకున్నారు, షామియానా వీధిలోనే వేస్తారు. పెళ్లికి రోడ్డు అడ్డం కాకుండా చూడటం ఒక ఎత్తు, షామియానా గుంజల కోసం కొత్త తారుకు గునపంతో చిల్లులు పెట్టకుండా చూడటం మరో ఎత్తు. మొదటిదానికి ఆ ఇల్లున్న ముక్కను అన్నిటికన్నా ముందు వేస్తామన్నాం. రెండోదానికి ఇసుక నింపిన డబ్బాల్లో గుంజలు నిలిపేలా షామియానా వాళ్లతో పెళ్లివారే మాట్లాడుకున్నారు. అడిగితే చేసేదే, ఇంతకుముందు ఎవరూ అడగలేదు.

ఇదే పర్యటనలో మరొక పని కూడా పెట్టుకున్నాం. కొత్త కుళాయి కనెక్షన్ గాని, డ్రైనేజీ కనెక్షన్ గాని కావలసినవాళ్లు ఇప్పుడే దరఖాస్తు పెట్టుకోమని, రోడ్డు పడ్డాక తవ్వకానికి అనుమతి తేలికగా రాదని ప్రతి ఇంట్లో చెప్పాం. పదకొండు దరఖాస్తులు వచ్చాయి. వాటి తవ్వకాలు పూర్తి చేసి, గుంతలు పూడ్చి, మట్టి దిగడానికి మూడు వారాలు వదిలాం. పైపులైన్లో మూడు లీకేజీలు కూడా ఈ తిరుగుడులోనే బయటపడ్డాయి. కొత్త రోడ్డు వేసిన నెలకే దాన్ని ఎవరో అడ్డంగా కోయడం మన ఊళ్లలో నిత్యం చూసే దృశ్యం. దానికి కారణం సమన్వయ లోపమని ఊరికే అంటుంటాం గాని, ఎక్కువసార్లు తవ్వాలనుకున్నవాడికి రోడ్డు పడబోతోందని తెలియకపోవడమే కారణం.

రోడ్డు ఎత్తు పెరుగుతుందా?

మూసివేత గురించి చెప్పడానికి వెళ్తే ప్రతి రెండో ఇంట్లోనూ అడిగింది మూసివేత గురించి కాదు. "ఈసారి ఎంత ఎత్తు లేపుతారండీ?" అని అడిగారు. డెల్టాలో నేల బల్లపరుపు, వాననీటికి పోయే దారి తక్కువ, పైగా దశాబ్దాలుగా పాత పొర మీద కొత్త పొర వేసుకుంటూ పోవడం వల్ల రోడ్డు ఇళ్లకన్నా ఎత్తుకు చేరింది. ఒక మామ్మగారు తన అరుగు చూపించి, "నేను కాపురానికి వచ్చినప్పుడు ఈ అరుగు ఎక్కడానికి మూడు మెట్లుండేవి బాబూ, ఇప్పుడు రోడ్డు మీంచి ఇంట్లోకి దిగుతున్నాం" అన్నారు. ఆ మాటకు సమాధానం చెప్పకుండా ఆవిడ చేతిలో మూసివేత నోటీసు పెట్టడం నాకు సిగ్గుగా అనిపించింది.

చెక్కేది 40, వేసేది 40, కాబట్టి ఎత్తు పెరగదని చెప్పాం. నమ్మలేదు, నమ్మడానికి వాళ్లకు కారణం కూడా లేదు. అందుకని ప్రతి పదో ఇంటి గేటు స్తంభం మీద, ఇంటివాళ్ల ఎదుటే, అప్పటి రోడ్డు మట్టానికి సరిగ్గా అడుగు ఎత్తున రంగుతో ఒక గీత గీశాం. పని అయ్యాక టేపు పెట్టి వాళ్లే కొలుచుకోవచ్చు. ఈ గీతలకు ఖర్చయింది ఒక చిన్న డబ్బా రంగు. నా అంచనాలో ఆ తరువాత మేము చెప్పిన ప్రతి మాటకూ వీధిలో విలువ వచ్చింది ఆ గీతల వల్లనే. తేదీల గురించీ వేళల గురించీ మేము చెప్పేది అబద్ధం కాకపోవచ్చని వాళ్లకు మొదటిసారి అనిపించింది.

తేదీ బదులు వరుస

తారు పనిలో తేదీ మన చేతిలో ఉండదు. ప్లాంటు, టిప్పర్లు, పేవర్, రోలర్, ఆకాశం, ఇన్నీ ఒకే రోజు కుదరాలి. మన చేతిలో ఉండేది వరుస ఒక్కటే: ఏ ముక్క తరువాత ఏ ముక్క. కాబట్టి నోటీసులో 'ఈ వారంలో' అని మాత్రం రాసి, తేదీలు తీసేశాం. వీధిని 160 మీటర్ల చొప్పున నాలుగు ముక్కలు చేసి, తూర్పు నుంచి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం అని పేర్లు పెట్టి, కరెంటు స్తంభాలకు ఆ రంగుల పట్టీలు వేశాం. స్తంభాల నంబర్లతో చెబితే ఎవరికీ గుర్తుండదు. రంగు మాత్రం పిల్లలకు కూడా వెంటనే పట్టుబడింది, రెండు రోజుల్లో "మాది పసుపండీ" అని మాట్లాడుకోవడం మొదలైంది.

వరుస ఇలా పెట్టాం: పెళ్లి ఇల్లున్న ఆకుపచ్చ మొదట, తరువాత పసుపు, నీలం, ఎరుపు. డయాలసిస్ ఇల్లు పసుపులో ఉంది కనుక పసుపు సోమ, బుధ, శుక్రవారాల్లో పడదనీ, వాయిదాల వల్ల ఆ రోజుల్లో పడితే తరువాతి రంగు దాని ముందుకు వస్తుందనీ నోటీసులోనే రాశాం. ఎవరి కోసమో రాయలేదు. రాయకపోయినా వీధికి తెలుసు, ఒక్కరూ అభ్యంతరం చెప్పలేదు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన నియమం. ప్రతి సాయంత్రం ప్లాంటుతో మాట్లాడి, మర్నాడు పని ఖాయమైతే రాత్రి ఎనిమిదింటిలోగా "రేపు ఆకుపచ్చ" అనో "రేపు పసుపు" అనో కబురు చేస్తాం. ఎనిమిది దాటినా కబురు రాకపోతే మర్నాడు పని లేదని అర్థం, బండ్లు ఎక్కడివక్కడ ఉంచుకోవచ్చు. కబురు మూడు దారుల్లో పంపాం: వీధి వాట్సాప్ గ్రూపులో, కిరాణా కొట్టు ముందు నల్లబల్ల మీద, ఆర్పీ ద్వారా ఫోనులో. మూడోది వాట్సాప్ లేని పెద్దవాళ్ల కోసం, తాళం వేసి ఊరెళ్లినవాళ్ల కోసం. పిలిచినవాళ్ల పేర్లకు టిక్కు పెట్టుకున్న కాగితం ప్రతి రాత్రీ నాకు చేరేది. మైకు ఆటోను కూడా తిప్పాం గాని అది పని మొదలవుతుందని చెప్పడానికే. 'రేపు ఏ ఇంటి ముందు' అన్నది మైకులో ఎవరికీ వినపడదు.

బండ్లు పెట్టుకోవడానికి దగ్గర్లోని మున్సిపల్ పాఠశాల ఆవరణ రాత్రిళ్లు తెరిపించి, ఒక వాచ్‌మన్‌ను పెట్టాం. దీపం వేయించేదాకా మోటారు సైకిళ్లు ఎవరూ తేలేదు, వేయించాక నిండిపోయింది.

సగం వెడల్పా, మొత్తమా

ఒక వైపు వేసి, అది ఆరాక రెండో వైపు వేస్తే రాకపోకలు పూర్తిగా ఆగవు కదా అని కౌన్సిలర్ గారు అడిగారు, అది సమంజసమైన ప్రశ్నే. అయితే 5.5 మీటర్ల వీధిలో సగం పేవరుకు ఇస్తే మిగిలిన 2.75 మీటర్లలో కారు, కాలువ, టిప్పరు వెనక్కి తీసే హెల్పరు కలిసి ఉండటం ప్రమాదం. పైగా చల్లారిన అంచుకు వేడి తారు ఆనించిన చోట నడి వీధిలో పొడవునా అతుకు మిగులుతుంది. వాన కాలంలో నీళ్లు మొదట దిగేది ఆ అతుకులోనే. మొత్తం వెడల్పు ఒకేసారి వేస్తే ఒక ముక్క ఒక పగలూ ఒక రాత్రీ పూర్తిగా మూసి ఉంటుంది, సగం సగం వేస్తే అదే ముక్క మూడు నాలుగు రోజులు సగం సగం మూసి ఉంటుంది. రెండూ చెప్పి వీధివాళ్లనే అడిగాం. పెద్ద చర్చ లేకుండా 'ఒక్క రోజు పూర్తిగా' అన్నదానికే మొగ్గారు. సగం తెరిచి ఉన్న రోడ్డు ఎవరి కోసం తెరిచి ఉందో తెలియని గొడవకన్నా పూర్తిగా మూసిన రోడ్డు నయమని నా అనుభవం కూడా.

కాంట్రాక్టరుకు మాత్రం ఇది రుచించలేదు. మొత్తం వీధికి కావలసిన మిశ్రమం 330 టన్నుల దాకా, అంటే ఇరవై టిప్పర్లు. ఆయన లెక్కలో అది రెండు రోజుల పని. నాలుగు ముక్కలంటే రోజుకు ఐదారు టిప్పర్లే, యంత్రాల అద్దె మాత్రం నాలుగు రోజులకు. అంచనాలోనే నాలుగు రోజుల లెక్క రాసి ఉంటే ఈ పేచీ వచ్చేది కాదు. వీధివాళ్ల సౌకర్యానికి అయ్యే ఖర్చును టెండరులో పెట్టకుండా, పని మొదలయ్యాక కాంట్రాక్టరు మంచితనం మీద వదిలేయడం మా అలవాటు.

కారు అడ్డం ఉంటే కాసేపు ఆగరాదా అని కొందరు అడిగారు. దానికి వేడి సంగతి చెప్పాం: వీజీ 30 రకం తారుతో కలిపిన మిశ్రమం ప్లాంటులో 150 నుంచి 165 డిగ్రీల సెల్సియస్ వేడిలో బయలుదేరుతుంది, పరిచేటప్పుడు 140కి తగ్గకూడదు, 90కి దిగేలోగా రోలింగ్ అయిపోవాలి, ఆ తరువాత ఎంత తొక్కినా గట్టిపడదు. "అయితే ఇది అరిసెల పాకం లాంటిదేనండీ, చల్లారితే పిండి కలవదు" అని ఒకావిడ అన్నారు. ఆ తరువాతి ఇళ్లలో నేను డిగ్రీలు మానేసి అరిసెల పాకమే చెప్పాను.

కల్లాపి గురించి కూడా ముందే మాట్లాడవలసి వచ్చింది. టాక్ కోట్ చల్లేముందు రోడ్డు పొడిగా, దుమ్ము లేకుండా ఉండాలి. తెల్లారకముందే ప్రతి గేటు ముందూ నీళ్లు చల్లి ముగ్గు పెడతారు. తమ రంగు వంతు వచ్చిన రోజు మాత్రం ముగ్గు గేటు లోపల గాని, ర్యాంపు మీద గాని వేసుకోమని ఆర్పీ చేత చెప్పించాం. నేను చెబితే అది ఆంక్ష అయ్యేది, ఆవిడ చెబితే ఇరుగుపొరుగు మాట అయింది. టాక్ కోట్ చల్లినప్పుడు గోధుమ రంగులో ఉండి, నీరు విడిపోయాక నల్లబడుతుంది. ఈలోగా దాన్ని తొక్కిన చెప్పులు నేరుగా ఇంట్లోని గచ్చు మీదికి వెళ్తాయి. ముందటి ఏడాది రోడ్డు మూసినందుకన్నా ఈ మరకలకే ఎక్కువ తిట్లు తిన్నాం. ఈసారి ప్రతి గేటు దగ్గరా ఒక గోనె సంచి పరిచి, దాని మీద ఇసుక పోశాం.

ఆ వారం జరిగినది

శుక్ర, శనివారాల్లో మిల్లింగ్ అయింది. శుక్రవారం డయాలసిస్ కారు తిరిగొచ్చేవేళకు యంత్రాన్ని ఆపి దారి ఇచ్చాం. సోమవారం ఆకుపచ్చ అనుకున్నట్టే పడింది. తాళం వేసిన ఇంటి ముందు నెలల తరబడి కదలని కారు ఒకటుండేది. దాని యజమాని బెంగళూరులో, తాళాలు ఆయన బావమరిది దగ్గర ఉన్నాయని ఐదు వారాల ముందే తెలిసి ఉండటం వల్ల ఆ కారు శనివారమే కదిలింది.

సోమవారం రాత్రి ఎనిమిదింటికి ప్లాంటు నుంచి ఖాయం రాలేదు. మంగళవారం పసుపు పడాలి. తొమ్మిదింబావుకు కాంట్రాక్టరు ఫోను చేసి, ప్లాంటు సరేనంది, పొద్దున్నే మొదలుపెడదాం, గ్రూపులో ఇప్పుడు మెసేజ్ పెడితే సరిపోతుంది కదా అన్నాడు. సరిపోయేదేమో, సగం మంది చూసేవాళ్లే. నేను ఒప్పుకోలేదు. యంత్రాల ఒక రోజు అద్దె నీళ్లపాలైందని ఆయన నా మీద పైఅధికారులకు ఫిర్యాదు చేశాడు, నేను రాతపూర్వకంగా జవాబు ఇచ్చుకున్నాను. మంగళవారం పని జరగలేదు. బుధవారం పసుపు పడకూడదు కాబట్టి, మంగళవారం రాత్రి ఏడున్నరకే "రేపు నీలం" అని కబురు వెళ్లింది. బుధవారం పొద్దున ఆరింటికి నీలం ముక్కలో ఒక్క బండీ లేదు. ఈ పనిలో నేను గర్వపడేది ఏదైనా ఉంటే ఆ ఖాళీ వీధినే.

గురువారానికి "రేపు పసుపు" అని చెప్పేశాం. ఆ రోజు తెల్లవారుజామున ఐదున్నరకు పసుపులో ఒక పెద్దాయన పోయారని ఆర్పీ ఫోను చేసింది. అప్పటికే రెండు టిప్పర్లు నిండి ప్లాంటు నుంచి బయలుదేరాయి. ఆ ఇంటి ముందు పేవర్ నడిపే ప్రసక్తే లేదు. బంధువులు రావాలి, వైకుంఠ రథం రావాలి. ఎరుపు వైపు కొందరు వాళ్లంతట వాళ్లే వచ్చి "మా వైపు వేసేయండి సార్" అన్నారు. మంచి మనసుతో అన్నమాటే గాని, అక్కడ మూడు కార్లవాళ్లు ఇంట్లో లేరు, వాళ్లకు రాత్రి కబురు లేదు. ఆ రెండు టిప్పర్ల మిశ్రమాన్ని ఊళ్లో మరో రోడ్డు గుంతల ప్యాచ్ వర్కుకు మళ్లించి, మనుషుల చేత పరిపించి రోలర్ తొక్కించాం. మిగతా టిప్పర్లను ప్లాంటు దగ్గరే ఆపాం. శుక్రవారం డయాలసిస్ రోజు కనుక ఎరుపు, శనివారం పసుపు పడ్డాయి. శనివారం టిప్పర్లు ముందురోజు వేసిన ఎరుపు మీదుగానే రావాలి కాబట్టి, దానికి 24 గంటలు నిండేదాకా ఆగి పదకొండు దాటాక మొదలుపెట్టాం.

పెట్టుకున్న వరుస తారుమారైంది, రెండు పనిదినాలు పోయాయి. అయినా పని ఆలస్యమైందని ఒక్క ఫిర్యాదూ రాలేదు, ఎందుకంటే నోటీసులో ఉన్నది 'ఈ వారంలో' అని, పని ఆ వారంలోనే ముగిసింది. తేదీలు అచ్చువేసి ఉంటే ఇదే వారం మూడుసార్లు మాట తప్పినట్టు లెక్క.

అంబులెన్సు విషయంలో సిబ్బందికి ఒకటే చెప్పి ఉంచాం: ప్రాణం మీదికి వస్తే తారు ఏ దశలో ఉన్నా బారికేడు తీసి 108ని పోనివ్వాలి, పాడైన చోట మళ్లీ వేసుకుందాం. నెలలు నిండిన అమ్మాయి ఇల్లు నీలంలో ఉంది. వాళ్లు తామే ఆలోచించుకుని నీలం మూసి ఉన్న ఆ రెండు రోజులు ఆసుపత్రికి దగ్గరలోని పిన్నిగారింట్లో ఉన్నారు.

సరిగా చేయలేకపోయినవి

మిల్లింగ్ యంత్రం రెండు రోజులకే దొరికిందని వీధి మొత్తం ఒకేసారి చెక్కించడం నా తప్పు. దానివల్ల పసుపు ముక్క చెక్కిన గరుకు మీద వారం రోజులు ఉండిపోయింది. దుమ్ము ఇళ్లలోకి పోయింది, సైకిలు మీద వెళ్తున్న ఒక పిల్లవాడు జారి మోచేతులు కొట్టుకున్నాడు. గేట్ల దగ్గర ఇసుక పోసిన మేము రోజుకు రెండుసార్లు నీళ్ల ట్యాంకరు తిప్పాలని మూడో రోజుకు గాని అనుకోలేదు. ఏ ముక్కను వేస్తామో దాన్ని ముందురోజే చెక్కాలి, అందుకు తగ్గ యంత్రం అద్దె టెండరులోనే ఉండాలి.

సందుల్లోవాళ్లను రంగుల్లో కలపడం మరచిపోయాం. వాళ్ల ఇంటి ముందు తారు పడదు కాబట్టి పట్టీలు వేయలేదు, కాని ఒక సందు పసుపులోకి, మరొకటి నీలంలోకి తెరుచుకుంటాయి. నీలం పడిన రోజు పొద్దున ఆ సందులో మూడు ఆటోలు చిక్కుకుపోయాయి. అవి అద్దె ఆటోలు, ఆ రోజు వాళ్లకు సంపాదన లేదు. గేదెలను వీధి దాటించడానికి ఏర్పాటు చూశాం గాని ఆటోలవాళ్లకు ముందే చెప్పలేదన్నది చెప్పుకోవడానికి బాగుండదు.

టిఫిన్ బండిని పక్క వీధి మలుపుకు మార్చుకోమన్నాం. అక్కడ అప్పటికే ఉన్న మరో టిఫిన్ బండితో తగాదా అయింది, రెండు రోజులు అతను బండే పెట్టలేదు. మార్చమని చెప్పేముందు ఆ మలుపు ఎవరిదో చూసుకోవలసింది. ఇస్త్రీ అతను మాత్రం ఇంటింటికీ తిరిగి బట్టలు తీసుకెళ్లి తన ఇంట్లో ఇస్త్రీ చేసి తెచ్చాడు. అది మా ఏర్పాటు కాదు.

పని ముగిసిన తరువాతి ఆదివారం గేటు స్తంభాల గీతల దగ్గర టేపు పెట్టి కొలిచాం. పన్నెండు చోట్ల ఎత్తు పెరగలేదు, ఒకచోట 8 మిల్లీమీటర్లు పెరిగింది. ఆ ఇంటి యజమాని ఇది రాసి సంతకం పెట్టి ఇమ్మన్నారు, ఇచ్చాను.

మూడు వారాల తరువాత ఆకుపచ్చ ముక్కలో నాలుగిళ్లకు కుళాయి నీళ్లు సన్నబడ్డాయి. మ్యాన్‌హోళ్లన్నిటినీ ముందే గుర్తుపెట్టి మూతలు కొత్త మట్టానికి సరిచేశాం గాని, వాల్వు ఛాంబర్లను (నీటి పైపుల వాల్వులుండే గుంతలను) డ్రాయింగు చూసి లెక్కపెట్టాం. డ్రాయింగులో లేని పాత ఛాంబరు ఒకటి తారు కింద ఉండిపోయింది. రిటైరైన ఫిట్టరు ఒకాయన వచ్చి, పెళ్లివారి గేటు నుంచి అడుగులు వేసుకుంటూ నడిచి, సుద్దతో ఒక గుండ్రం గీసి, ఇక్కడ తవ్వండి అన్నాడు. నెల కూడా నిండని రోడ్డులో రెండడుగుల చదరం మేమే కోశాం. ఇంటింటికీ తిరిగిన ఐదు వారాల్లో ఆయన్ని ఒక్కసారి పిలిచి ఉంటే సరిపోయేది.